చివరి వరుసలో ఆగిన బంటు

మధ్యాహ్నం భోజనాల వేళకు మా దుకాణం షట్టరు సగం దించేవారు. వరంగల్ బజారులో మాది దారాలు, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డ అమ్మే దుకాణం. గిరాకీ అంతా దర్జీలదే. షట్టరు కింది సందులోంచి వచ్చిన ఎండ నేల మీద పడి, అక్కడి నుంచి గోడ నిండా పేర్చిన దారపు రీళ్ళ మీదికి పాకేది. కాసేపు ఎర్ర దారాల దగ్గర ఆగేది, తర్వాత పసుపు, ఆ తర్వాత ఆకుపచ్చ. చిన్నప్పుడు నేను లైనింగు తానుల మీద వెల్లకిలా పడుకొని ఆ వెలుతురు వెంట కళ్ళు నడిపించేదాన్ని. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరిగేది. మధ్య మధ్య 'టక్' అని చిన్న చప్పుడు. అమ్మో, బాపో ఒక ఎత్తు వేశారన్నమాట. ఇంకో 'టక్' వినిపించేలోపు నాకు నిద్ర పట్టేది.

వాళ్ళ చదరంగం బల్ల కొన్నది కాదు. ఒక చెక్క పలక మీద బిగించిన నల్లటి కోటు గుడ్డ. దాని మీద బాపు దర్జీల సుద్దబిళ్ళతో గళ్ళు గీస్తే, గీతలు చెరిగిపోకుండా అమ్మ తెల్లదారంతో కుట్టింది. నలుపు తెలుపు గళ్ళు కావు, అన్నీ ఒకటే రంగు. పావులు కర్రవి, ఎర్రవి అమ్మవి, నల్లవి బాపువి. ఒక ఎర్ర ఒంటె ఎప్పుడో పోయింది, దాని చోట కోటు గుండీ ఒకటి కాపురం పెట్టింది. ఆట మధ్యలో ఎవరైనా దర్జీ షట్టరు తట్టి జాకెట్టు ముక్కకు సరిపోయే రంగు దారం అడిగితే, పలకను అలాగే ఎత్తి వెనక గదిలో స్టూలు మీద పెట్టి పైన గుడ్డ కప్పేవారు. గిరాకీ ఎక్కువైతే ఆ ఆట మరునాటికి, ఆ పై నాటికి వెళ్ళేది. ఒకసారి దసరా ముందు మొదలైన ఆట దీపావళి దాకా గుడ్డ కిందే ఉంది.

బాపు బాగా ఆడేవాడు. అమ్మ కూడా బాగానే ఆడేది, కానీ తను బాగా ఆడుతుందని ఆమెకు నమ్మకం లేదు. అందుకే ఆమె గెలిచిన రోజున ఇంట్లో గొడవ. బాపు పావులన్నీ ఒకసారి తేరిపార చూసి, చేతులు దులుపుకొని, "నీదే ఆటనే, నేను ఓడిన" అనేవాడు. అమ్మ ముఖం ఎర్రబడేది.

"కావాలనే ఓడిపోయినవ్. నేనేమన్న చిన్నపిల్లనా?"

"అరే, నిజంగనే ఓడిన్నే. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు ఒట్టు పెడ్తానవ్? అబద్ధం కాబట్టే."

ఆ పూట కూరలో ఉప్పు కాస్త ఎక్కువే పడేది. ఓడిపోయిన మనిషి నవ్వుతూ తినడం, గెలిచిన మనిషి మూతి ముడుచుకొని వడ్డించడం, ఇలాంటి ఇల్లు ఇంకోటి ఉంటుందని నేను అనుకోను.

నేను పెరిగి హనుమకొండలో కాలేజీకి వెళ్ళి, అక్కడ అందరూ ఆడే చదరంగం నేర్చుకున్నాను. మా ఇంటి ఆటకు కొన్ని ఇంటి పద్ధతులు ఉండేవి. అవి బయట చెల్లవని తెలిశాక వాటిని పట్టించుకోవడం మానేశాను. ఇప్పుడు హనుమకొండలోనే ఒక అద్దె ఇంటి మేడ మీద కూర్చొని, ఎన్నడూ చూడని ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంటాను. ఈ మధ్య నాకు వచ్చిన పని చదరంగానిది.

ఏఐ అసిస్టెంట్లు ఉన్నాయి కదా, అవి చదరంగం గురించి ఎంత తియ్యగా మాట్లాడతాయో బల్ల మీద ఏముందో చెప్పమంటే అంత తడబడతాయి. నాలుగు ఎత్తులు బాగానే నడిపిస్తాయి. తర్వాత చచ్చిన గుర్రం లేచి వస్తుంది. ఒకే గడిలో రెండు పావులు సర్దుకుంటాయి. ఇదేమిటని అడిగితే ఎంతో వినయంగా క్షమించమంటాయి, ఆ వెంటనే ఇంకో గుర్రాన్ని లేపుతాయి. నిద్రలో మాట్లాడే మనిషితో ఆడుతున్నట్టు ఉంటుంది. నా పని అలాంటి ఒక అసిస్టెంటుకు పరికరంలా పనికొచ్చే చిన్న ప్రోగ్రాము రాయడం. అసిస్టెంట్ ఏ ఆట గురించి మాట్లాడాలన్నా ముందు బల్ల మీది స్థితిని ఒక వరుస అక్షరాలూ అంకెలుగా నా పరికరానికి పంపాలి. ఏ గడిలో ఏ పావు ఉంది, ఎన్ని గళ్ళు ఖాళీ, ఇప్పుడు వంతు ఎవరిది, అంతా ఆ ఒక్క వరుసలో ఉంటుంది. ఇద్దరు రాజులూ ఉన్నారా, బంట్లు ఉండకూడని చోట ఉన్నాయా అని నా పరికరం తనిఖీ చేస్తుంది. సరిగ్గా ఉంటే ఎవరిది పైచేయో లెక్క కట్టి చెబుతుంది, బల్ల బొమ్మ గీసి చూపిస్తుంది. తప్పుంటే ఎక్కడుందో చెప్పి తిప్పి పంపుతుంది.

ఇదంతా అమ్మకు చెబితే శ్రద్ధగా విని, "అంటె మిషన్‌కు కండ్లు కనవడ్తలేవు, నువ్వు అద్దాలు చేస్తానవ్" అంది. మా మేనేజరుకు ఇంత సూటిగా చెప్పడం ఇప్పటికీ రాదు.

అప్పటికి బాపు పోయి కొన్ని నెలలైంది. ఆయన పోయిన రోజు కూడా మధ్యాహ్నం ఆట నడిచింది. బాపు తన ఎత్తు వేసి, వేసిన చెయ్యి బల్ల మీదే ఉంచి కాసేపు చూశాడట. తర్వాత "నీదే ఆటనే" అన్నాడట. ఇంకా సగం పావులు నిలబడే ఉన్నాయి. అమ్మకు ఎప్పటిలాగే కోపం వచ్చింది. "అబద్ధాలకోరువు నువ్వు, నీతోని ఇగ ఆడను" అని పలక ఎత్తి వెనక గదిలో పెట్టి, గుడ్డ కప్పి, గల్లా దగ్గరికి వచ్చి కూర్చుంది. బాపు తానుల పక్కన చాప పరుచుకొని పడుకున్నాడు. సాయంత్రానికి ఛాతీలో నొప్పి అన్నాడు. ఆటోలో హనుమకొండ దవాఖానకు తీసుకుపోయారు. నేను అక్కడికి చేరేసరికి ఆయన మాట్లాడే స్థితిలో లేడు.

అంటే అమ్మ ఆయనతో కోపంగా అన్న ఆఖరి మాట 'అబద్ధాలకోరు.' ఆ సంగతి ఆమె నాతో ఒక్కసారే చెప్పింది, అది కూడా నా వైపు చూడకుండా గుండీలు ఏరుతూ. పలకను మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. దుకాణం మళ్ళీ తెరిచాక కూడా అది వెనక గదిలో స్టూలు మీద గుడ్డ కిందే ఉంది. మధ్యాహ్నం షట్టరు సగం దించి, ఆమె ఒక్కతే ఆ గుడ్డ తీసి చూసి మళ్ళీ కప్పేదని నాకు తర్వాత తెలిసింది.

అమ్మకు తోడుగా ఉందామని నేను తరచూ పని తెచ్చుకొని వరంగల్ వచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం నేను దుకాణంలో ల్యాప్‌టాప్ పెట్టుకొని పని చేసుకుంటుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"బిడ్డా, నీ మిషన్‌ను ఒకటి అడుగొచ్చా?"

"అడుగు అమ్మా."

"ఆనాటి ఆట అట్లనే ఉన్నది. మీ బాపు నిజంగనే ఓడిండా, నాకోసం ఓడిపోయిండా, అది చెప్తదా?"

చెబుతుందన్నాను. ఆమెకు ఏ జవాబు కావాలో ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. ఆయన కావాలనే ఓడిపోతే ఆమె అన్న మాట మాటే, అబద్ధాలకోరే, ముద్దు అబద్ధాలకోరు. నిజంగానే ఓడితే, నిజం చెప్పిన మనిషిని ఆఖరి పూట అబద్ధాలకోరు అని పంపినట్టు. బతికి ఉన్నప్పుడు ఏ పనికి ఆమెకు అంత కోపం వచ్చేదో, ఇప్పుడు ఆయన ఆ పనే చేసి ఉండాలని ఆమె కోరుకుంటోంది.

గుడ్డ తీశాం. ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. గడులకు పేర్లు ఆమెకు తెలియవు. "గల్లా దిక్కు నుంచి మూడోది", "తానుల దిక్కు చివరిది" అంటూ వేలు పెట్టి చూపించింది. కోటు గుండీ దగ్గరికి వచ్చినప్పుడు "ఇది ఒంటె" అని నాకు గుర్తు చేసింది, నేను ఎక్కడ గుండీ అని రాస్తానో అని. వంతు ఎవరిదంటే, "ఆయనది అయిపోయింది. నాదే" అంది. అంతా అసిస్టెంటుకు పంపాను. బొమ్మ గీసే భాగం నేను ఇంకా పూర్తి చేయలేదు, మాటల్లోనే జవాబు వచ్చింది. నల్లవారిది స్పష్టమైన పైచేయి, ఎర్రవారికి గెలిచే దారి లేదు అని ఎంతో మర్యాదగా చెప్పింది.

అమ్మకు చదివి వినిపించాను.

ఆమె స్టూలు పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి నవ్వింది. "నేను చెప్పలే? దొంగ. గెలిచే ఆట నాకు ఇచ్చిపోయిండు." కొంగుతో కళ్ళు ఒత్తుకొని మళ్ళీ నవ్వింది. దారం కోసం వచ్చిన ఒక దర్జీకి కూడా, అతను అడక్కపోయినా, "మా ఆయన గెలిచే ఆట ఓడిపోయేటోడు, తెలుసా" అని చెప్పింది. అతను ఏమనుకున్నాడో గానీ తలూపి, నీలం రంగు రీలు తీసుకొని వెళ్ళాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇల్లు తేలికైంది. అమ్మ కూరలు చవిగా ఉన్నాయి. మధ్యాహ్నాలు దుకాణంలో నేను పని చేసుకుంటుంటే ఆమె తానుల మీద తల ఆనించి కునుకు తీసేది. ఎండ ఎర్ర దారాల నుంచి పసుపు దారాలకు జరిగేది, ఆమె పాదాల మీదుగా. నాకు కూడా ఆ నెమ్మదిలో కళ్ళు మూతలు పడేవి. సగం నిద్రలో, నేను మళ్ళీ చిన్నదాన్నై పోయినట్టు, ఎక్కడో పావు దించిన చప్పుడు వినిపించినట్టు అనిపించేది. కళ్ళు తెరిస్తే ఫ్యాను తిరుగుతూ ఉండేది. నాకు ఆ రోజులు చాలా ఇష్టం.

బొమ్మ గీసే భాగం పూర్తయ్యాక సరదాగా అమ్మకు చూపించాలనిపించింది. ఊరుకున్నా సరిపోయేది. కానీ చేసిన పని ఎవరికైనా చూపించకపోతే నాకు అన్నం దిగదు. వెనక గదిలోని ఆటనే మళ్ళీ అడిగాను. ఫోను తెర మీద బల్ల వచ్చింది, ఎర్రవి ఎర్రగా, నల్లవి నల్లగా, చక్కగా. అమ్మ ఫోను తీసుకొని దూరంగా పట్టుకొని చూసింది. దగ్గరగా తెచ్చుకొని చూసింది.

"ఈ మంత్రి ఎవలది?"

"నల్లది. బాపుది."

"మీ బాపు మంత్రి ఎప్పుడో పోయింది. నేనే కొట్టిన. ఇక్కడున్నది బంటు."

ఫోను లాక్కుని చూశాను. అమ్మ వైపు చివరి వరుసలో, గుర్రాలు నిలబడే గడిలో, బాపు బంటు ఉండాల్సిన చోట మంత్రి ఉంది. లోపలి సందేశాలు తీసి చూస్తే విషయం తెలిసింది. నా పరికరం మొదటిసారే 'చివరి వరుసలో బంటు ఉండకూడదు, స్థితి చెల్లదు' అని తిప్పి పంపింది. చివరి వరుసకు చేరిన బంటు వెంటనే మంత్రో, మరో పెద్ద పావో అయిపోవాలి, లోకమంతా ఆడే ఆటలో అదే పద్ధతి. అసిస్టెంట్ నాతో ఒక్క ముక్క అనకుండా, బంటును మంత్రిగా మార్చి మళ్ళీ పంపింది. ఈసారి చెల్లింది. ఆ లేని మంత్రి బలం చూసుకొనే బాపుది పైచేయి అని చెప్పింది. ఎవరికీ చెప్పకుండా లోపల్లోపలే సర్దేయడం దాని గుణం. మా మేనమామ ఒకాయన పెళ్ళి సంబంధాలు ఇలాగే కుదిర్చేవాడు.

మా ఇంట్లో బంటు అలా మంత్రి కాదు. నేను మరిచిపోయాను, అమ్మ మరిచిపోలేదు. బంటు చివరి వరుసలో ఏ గడికి చేరితే ఆ గడికి చెందిన పావుగానే లేవాలి. ఏనుగు గడికి చేరితే ఏనుగు, గుర్రం గడికి చేరితే గుర్రం. అదీ ఊరికే కాదు, తన వైపు అలాంటి పావు ఒకటి చచ్చి ఉంటేనే. లేకపోతే అది చివరి వరుసలో బంటుగానే నిలబడి ఎదురుచూడాలి. తాత నుంచి బాపుకు, బాపు నుంచి అమ్మకు వచ్చిన పద్ధతి. బాపు గుర్రాలు రెండూ బతికే ఉన్నాయి. అందుకే ఆ బంటు అక్కడ ఖాళీగా నిలబడి ఉంది.

"అంటె మిషన్ చెప్పింది తప్పా?" అంది అమ్మ.

"తప్పే అమ్మా. మన పద్ధతి దానికి తెలవదు."

"అయితె మల్ల అడుగు."

"అవసరమా? వదిలెయ్యరాదు."

"మల్ల అడుగు" అంది. కొట్టులో బేరం తెగనప్పుడు వాడే గొంతు అది. దాని మీద వాదన ఉండదు.

మా ఇంటి పద్ధతులన్నీ పరికరంలో రాయడం మొదలుపెట్టాను. బంటు ఒక్కో గడే నడవాలని రాశాను. రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకొచ్చని రాశాను, ఆనాటి ఆటలో ఇద్దరు రాజులూ ఆ దూకుడు ముందే వాడేశారని అమ్మ చెబితే అదీ చేర్చాను. చివరి వరుసలో బంటు నిలబడటం తప్పు కాదని, అది లేవడం కూడా ఒక ఎత్తుగా లెక్కేనని రాశాను. సందేహం వస్తే అమ్మను అడిగేదాన్ని. ఆమె దారం కొలుస్తూనే చెప్పేది. లోకంలో పెద్ద పెద్ద చదరంగం లెక్కలు కట్టే ప్రోగ్రాములు మా ఇంటి ఆటకు పనికిరావు కాబట్టి, కొన్ని ఎత్తులు ముందుకు చూసే చిన్నదాన్ని నేనే రాశాను. రాస్తున్నంతసేపూ ఆ పాత మధ్యాహ్నాల్లోనే తిరుగుతున్నట్టు ఉంది. బాపు వేళ్ళు బల్ల మీద ఆగడం, అమ్మ గాజులు సర్దుకోవడం కనిపిస్తూనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ పని అయిపోకూడదని అనిపించింది. ఎందుకంటే అయిపోతే జవాబు వస్తుంది.

అయిపోయింది. షట్టరు సగం దించి ఉంది. అమ్మ నా పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. స్థితి పంపాను. ఈసారి తిప్పి పంపలేదు. బల్ల బొమ్మ వచ్చింది, చివరి వరుసలో బంటు బంటుగానే ఉంది. దాని కింద జవాబు వచ్చింది. గెలుపు ఎర్రవారిదే. ఎర్ర ఏనుగుతో చెక్ ఇస్తే నల్ల రాజుకు పోవడానికి ఒకే గడి ఉంది, అక్కడికి పోతే రెండో ఏనుగుతో ఆట కట్టు. ఒకటే జాగ్రత్త, ఎదురుగా ఊరిస్తున్న నల్ల గుర్రాన్ని కొట్టకూడదు. గుర్రం చస్తే ఆ బంటు గుర్రమై లేచి ఎర్ర రాజుకే చెక్ అవుతుంది, ఆట చెయ్యి జారుతుంది.

నేను చదువుతుంటే అమ్మ మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"గుర్రాన్ని ఎందుకు ముడ్తా? అది బాపు పెట్టిన ఎర. నేను ఏనుగునే అనుకున్న."

"అంటే నీకు ఆరోజే తెలుసా?"

"తెలుసు. ఆయన ఎత్తు వేస్తాంటనే కనవడ్డది నాకు. నేనే గెలుస్తానంటె నమ్మబుద్ధి కాలే బిడ్డా. గంత తేలికగ నాకు కనవడ్డదంటె, ఆయన కావాలని దారి ఇచ్చిండనే అనుకున్న."

బజారులో ఎవరో మోటారు సైకిలు కిక్ కొడుతున్నారు, అది అందుకోవడం లేదు. అమ్మ తన చేతులు చూసుకుంది.

"అన్నిసార్లు ఒట్టు పెట్టిండు" అంది. "నిజంగనే ఓడిన్నే అని. ఒక్కసారన్న సరే అనకపోతిని."

"అమ్మా, బాపు నవ్వుకుంటనే తీసుకునేటోడు గదా."

"నవ్వెటోడు. లోపల ఏమనుకున్నడో నీకేం ఎరుక, నాకేం ఎరుక."

అప్పుడు ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను నా చేతిలోంచి తీసుకొని, తిప్పి తలకిందులుగా పట్టుకొని చూసింది. అక్షరాలు కూడా తలకిందులయ్యేసరికి విసుక్కుని మళ్ళీ నాకు ఇచ్చింది.

"ఆయన కూసున్న దిక్కు నుంచి చూపిస్తదా ఇది?"

చూపిస్తుంది. బల్లను నల్లవారి వైపు నుంచి గీయమంటే గీస్తుంది. గీయించాను. ఇప్పుడు నల్ల రాజు మాకు దగ్గరగా ఉన్నాడు, ఎర్ర ఏనుగులు అవతలి నుంచి మా మీదికి చూస్తున్నాయి. ఇన్నేళ్ళలో అమ్మ ఆ వైపు నుంచి బల్లను ఎప్పుడూ చూసి ఉండదు. ఆమె ముందుకు వంగింది.

"ఒక్క ఎత్తన్న లేదా," అంది, "ఆయనను బచాయించెటానికి?"

మళ్ళీ అడిగాను. లేదని వచ్చింది. అమ్మ దాన్ని చదవనివ్వలేదు.

"దానికేం ఎరుక. నువ్వు ఆగు" అని, నల్ల రాజు చుట్టూ ఉన్న గడుల మీద ఒక్కొక్కదాని మీద వేలు పెట్టుకుంటూ, తన ఏనుగుల నుంచి ఆయనను తప్పించే దారి వెతకడం మొదలుపెట్టింది. షట్టరు ఎత్తే వేళ దాటిపోయింది. బయట ఎవరో దర్జీ తట్టి, తట్టి, వెళ్ళిపోయాడు. ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది.